‘సినిమా ఎట్లుంది?’ అంటే ఏం చెప్పాలె

హాలు గేటు దాటకముందే ఫోన్ మోగుతుంది. ‘సినిమా ఎట్లుంది?’ ‘మస్తుంది’, ‘సెకండాఫ్ ల్యాగ్’, ‘ఒక్కసారి చూడొచ్చు’. జవాబు ఈ మూడింటిలో ఒకటి. ఇవి ఏ సినిమాకైనా అతుకుతాయి. అందుకే ఏ సినిమా గురించీ ఏమీ చెప్పవు. హనుమకొండ నుంచి హుజూరాబాద్ దాకా, జనగామ నుంచి భూపాలపల్లి దాకా సినిమా మీద మాట నడవని చాయ్ బండి ఉండదు. ఆ మాటకు విలువ రావాలంటే సినిమా చదువు చదవనక్కర్లేదు, రెండు అలవాట్లు చాలు. ఒకటి, అన్న ప్రతి మాటకూ సినిమాలో చోటు చూపించగలగాలి. రెండు, నచ్చకపోవడానికి కారణం సినిమానా, హాలా, పక్కన కూర్చున్న జనమా, మనమేనా అన్నది విడదీయగలగాలి. పాటకూ సీరియల్‌కూ కూడా ఇదే లెక్క.

టికెట్టు తీసేటప్పుడే

ట్రైలర్ ఒక్కసారి చూస్తే చాలు. రెండో ట్రైలర్, పాటల వీడియోలు, హీరో ఇంటర్వ్యూలు అన్నీ చూసి పోతే కథలోని సగం మలుపులు ముందే చేతికొస్తాయి. ఆ తర్వాత ‘అనుకున్నట్టే ఉంది’ అనడం సినిమాకు అన్యాయం. అట్లాగే చూసి మీ మాట రాసుకునేదాకా వేరేవాళ్ల రివ్యూ తెరవకండి. ఒకసారి ‘ఇంటర్వెల్ తర్వాత పడిపోయింది’ అని చదివితే, పడిపోయే చోటు కోసం చూస్తూ కూర్చుంటారు.

మొదటిరోజు మొదటి ఆట పండుగ. దాని సంబురం దానిదే, వదులుకోమని ఎవరూ చెప్పరు. కానీ అభిప్రాయం చెప్పడానికి అది పనికొచ్చే ఆట కాదు. ఈలల కింద పడి డైలాగులు పోతాయి. ఒక జోకుకు హాలంతా నవ్వితే వెంటనే వచ్చే మాట వినపడదు, ఆ మాట మీదే తర్వాతి సీను నిలబడి ఉండొచ్చు. మంగళవారమో బుధవారమో మ్యాట్నీకి పోతే సినిమా సినిమాలాగా వినిపిస్తుంది. రెండూ చూసే వీలుంటే ఇంకా మంచిది. మొదటి ఆటలో చప్పట్లు పడ్డ చోట రెండోసారి హాలు మౌనంగా ఉందంటే ఆ చప్పట్లు హీరోకు పడ్డవి, సీనుకు కాదు.

సీటు ముఖ్యం. తెర నుంచి వెనక గోడ దాకా ఉన్న దూరంలో మూడింట రెండో వంతు దగ్గర, మధ్య వరుసకు దగ్గరగా కూర్చోండి. ముందు 3, 4 వరుసల్లో మెడ పైకెత్తి చూడాలి, వేగంగా కదిలే షాట్లన్నీ గజిబిజిగా కనిపిస్తాయి. ‘ఫైట్లు ఏం అర్థం కాలేదు’ అన్న ఫిర్యాదులో చాలా భాగం ఆ వరుసల నుంచే వస్తుంది. ఆఖరి వరుసలో వెనక గోడ స్పీకర్లు నెత్తి మీదే మోగుతూ మాటను మింగేస్తాయి.

సినిమా మొదలయ్యే ముందు పడే సెన్సార్ సర్టిఫికెట్‌ను చూడకుండా వదలొద్దు. నిడివి అక్కడే ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్ల సలహాతో చూడాల్సిన సినిమాలకు ఇచ్చే యూఏ సర్టిఫికెట్‌లో 2024 నిబంధనలతో 7+, 13+, 16+ అని మూడు మెట్లు వచ్చాయి. పిల్లలను తీసుకుపోవచ్చా అని ఎవరైనా అడిగితే జవాబు అందులోనే ఉంది. నిడివి గుర్తుపెట్టుకుంటే ఇంటర్వెల్ ఎప్పుడు పడిందో చూసి రెండు సగాల కొలత తేలుతుంది. 150 నిమిషాల సినిమాకు 75వ నిమిషంలో ఇంటర్వెల్ పడితే ఒక తీరు, 90వ నిమిషంలో పడితే ఒక తీరు. మొదటి సగం సాగినట్టు అనిపించిందంటే అది నిజంగానే పొడుగ్గా ఉందేమో ముందు లెక్క చూసుకోండి.

జేబులో చిన్న కాగితం, పెన్ను పెట్టుకోండి. సినిమా నడుస్తుండగా ఫోన్ తీయొద్దు. ఆ వెలుగు వెనక నాలుగు వరుసలకు కొడుతుంది, రాసేలోపు మీకూ సీను పోతుంది. ఇంటర్వెల్‌లో ఐదు ముక్కలు, బయటికొచ్చాక బండి తీయకముందే ఐదు ముక్కలు రాసుకోండి. ముక్క అంటే వాక్యం కాదు, గుర్తు: ‘బావి దగ్గర తల్లి’, ‘పోలీస్ స్టేషన్ సీను రెండుసార్లు’, ‘వాన పాట ఎందుకు’. ఇంటికి పోయేలోపు సగం సీన్లు కలిసిపోయి, క్లైమాక్స్ ఒక్కటే మిగులుతుంది. అందుకే క్లైమాక్స్ బాగుంటే సినిమా అంతా బాగున్నట్టూ, అది చెడితే అంతా చెడినట్టూ తోస్తుంది.

తప్పు సినిమాదా, హాలుదా

మాట సరిగ్గా వినపడకపోవడం అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు. హాల్లో డైలాగు తెర వెనక మధ్యలో ఉన్న స్పీకర్ నుంచి వస్తుంది. చుట్టూ గోడలకున్న స్పీకర్ల నుంచి వాన, జనం, సంగీతం వస్తాయి. సంగీతం గట్టిగా మోగుతూ మాట మాత్రం ముద్దగా, గోడ అవతలి నుంచి వచ్చినట్టు ఉంటే మధ్య స్పీకర్‌ను అనుమానించాలి. అప్పుడు ట్రైలర్లలో కూడా మాట అట్లాగే ఉండి ఉంటుంది, గుర్తు చేసుకోండి. ఒక్క పాత్ర మాటే అర్థం కాకపోతే, లేదా ఒక్క సీనులోనే పోతే, అది డబ్బింగ్‌లోనో మిక్సింగ్‌లోనో ఉన్న లోపం. ఇంకో కారణం వాల్యూమ్. సినిమా శబ్దాన్ని కలిపేటప్పుడు హాలు ప్రాసెసర్ (శబ్దాన్ని నడిపే పెట్టె) మీద 7 అనే గుర్తును ప్రమాణంగా పెట్టుకుంటారు. చెవులు పగులుతున్నాయని ఎవరో అంటే హాలువాళ్లు దాన్ని తగ్గిస్తారు. తగ్గిస్తే అన్నీ కలిసి తగ్గుతాయి. ఫైటు అప్పటికీ వినపడుతుంది, గుసగుస మాత్రం ఏసీ చప్పుడులో మునిగిపోతుంది. ‘ఎమోషన్ పండలేదు’ అనే ముందు ఆ సీనులో మాటలు నిజంగా విన్నామా అని చూసుకోవాలి. ఓటీటీకి వచ్చాక అదే సీనును ఇయర్‌ఫోన్స్‌తో వింటే ఏది ఎవరి తప్పో తేలిపోతుంది.

చీకటి సంగతీ ఇంతే. తెర మీద తెలుపు ఎంత వెలగాలన్నదానికి 48 నిట్లని (నిట్ అంటే వెలుగును కొలిచే కొలత) ప్రమాణం ఉంది. ప్రొజెక్టర్ దీపం పాతబడే కొద్దీ ఆ వెలుగు తగ్గుతుంది. పగటి సీనులో తెల్లచొక్కా తెల్లగా కాకుండా మాసినట్టు, పసుపు తిరిగినట్టు కనిపిస్తే రాత్రి సీన్లలో ముఖాలు కనపడకపోవడం కెమెరామన్ తప్పు కాదు. పగటి సీన్లు మెరిసిపోతూ రాత్రి సీన్లు మాత్రమే నల్లగా ఉంటే అప్పుడు కెమెరామన్ గురించి మాట్లాడొచ్చు. తెర నడుమ వెలుగు, అంచుల్లో మబ్బు ఉంటే అది తెరదో దీపందో సమస్య.

తలలు కోసినట్టు కనిపిస్తే, మనుషులు సన్నగా సాగినట్టు ఉంటే, పైనా కిందా నల్లపట్టీలు మిగిలితే అది బొమ్మ కొలతకు సంబంధించింది. సినిమాలు ముఖ్యంగా రెండు కొలతల్లో వస్తాయి: వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లున్న స్కోప్, 1.85 రెట్లున్న ఫ్లాట్. స్కోప్ బొమ్మను ఫ్లాట్ తెర మీద వేస్తే పట్టీలు రావడం సహజం, అది తప్పు కాదు. తల కోయడం, సాగదీయడం మాత్రం హాలు తప్పే. ఇంటర్వెల్‌లో మేనేజర్‌కు చెప్పండి, చాలాసార్లు అక్కడికక్కడే సరిచేస్తారు.

సౌండ్ గురించో కెమెరా గురించో రాసేటప్పుడు ఏ రకం హాలు, ఏ వరుస, ఏ ఆట అన్న మూడు ముక్కలు పక్కన పెట్టండి. చదివేవాళ్లు మీ మాటను ఎంత తూకంలో తీసుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు.

‘ల్యాగ్’ అంటే ఏంది

ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. మొదటిది, మనకు తెలిసిన సంగతి పాత్రకు తెలియకపోవడం. విలన్ ఎవరో మనకు ఇంటర్వెల్ ముందే తెలిసి, హీరో ఇంకో అరగంటకు కనుక్కుంటే ఆ అరగంట మనం కాచుకొని కూర్చున్నట్టే. అయితే ఆ అరగంటలో హీరోకు ప్రమాదం పెరుగుతూ పోతే అదే ఉత్కంఠ అవుతుంది. తేడా ఎక్కడుందో చెప్పగలిగితే మీ మాట నిలబడుతుంది. రెండోది, ఒకే సంగతిని రెండు మూడు సీన్లలో చెప్పడం. తండ్రి మంచివాడని ఒక సీను చూపిస్తే సరిపోతుంది. మూడో సీను తీసేసి చూడండి, కథలో ఏదైనా తెగిపోతుందా? తెగకపోతే ఆ సీను బరువే. మూడోది పాట చోటు. ప్రేమ కుదిరిపోయాక వచ్చే ప్రేమపాట కథను ఆపుతుంది. కుదురుతుందా లేదా అన్నప్పుడు వస్తే కథను మోస్తుంది.

కాబట్టి ‘సెకండాఫ్ ల్యాగ్’ అనే చోట ఇట్లా రాయండి: ‘ఇంటర్వెల్ తర్వాత అన్న చేసిన మోసం మనకు తెలిసిపోయింది. తమ్ముడికి తెలిసేసరికి ఇంకో 25 నిమిషాలు పట్టింది. ఆలోపు వచ్చిన పెండ్లి సీను, పాట, కొట్లాట ఆ మోసాన్ని తాకలేదు.’ దీనితో ఎవరైనా విభేదించొచ్చు, ‘పెండ్లి సీనులో వదిన చూపు చూడలేదా’ అని అడగొచ్చు. అట్లా అడగడానికి చోటిచ్చే మాటే అభిప్రాయం.

యాస: ఇక్కడివాళ్లే తేల్చాల్సిన సంగతి

కెమెరా గురించి, గ్రాఫిక్స్ గురించి ఎక్కడివాళ్లైనా మాట్లాడతారు. ఉత్తర తెలంగాణ పల్లెలో నడిచే కథలో మాట సరిగ్గా ఉందా లేదా అన్నది పరకాలలోనో మెట్‌పల్లిలోనో పెరిగిన చెవే చెప్పగలదు. ఈ ఒక్క విషయంలో మామూలు ప్రేక్షకుడి మాటకు పెద్ద రివ్యూ కంటే బరువుంది. దాన్ని ‘యాస బాగుంది’ అనే రెండు ముక్కలతో ఖర్చు చేసుకోవద్దు.

ముందు క్రియల చివర వినండి. వచ్చిండు, పోయిండు, చెప్పిన్రు, చెయ్యలె, తెల్వది, రాండ్రి. ఇవి తెలంగాణలో చాలా చోట్ల వినిపిస్తాయి. వరంగల్, కరీంనగర్ పల్లెల్లోకి పోతే ఇంకో పొర ఉంటుంది: ఏం జేత్తానవ్, పోతాన, అత్తాంది, అచ్చిండు. ఇది పెద్దవాళ్ల నోట, చేను కాడ, బీడీలు చుట్టే అరుగు మీద వినిపిస్తుంది. పనుల పేర్లు ‘ఉడు’తో ముగుస్తాయి: వచ్చుడు, పోవుడు, తినుడు. ‘నువ్వు రావడం వల్లనే’ అని ఒక వాక్యంలో, ‘గట్ల జేసుడు మంచిది కాదు’ అని వెంటనే ఇంకో వాక్యంలో అదే ముసలవ్వ అంటే, రాసినవాళ్లు వాక్యం వాక్యం తర్జుమా చేసుకున్నారని అర్థం.

యాస చెడే చోట్లు ఎక్కువగా ఇవే.

‘గ’ను ప్రతి మాటకూ అతికించడం. గట్ల, గిట్ల, గీడ, గప్పుడు, గింత అనే మాటలున్నమాట నిజమే. కానీ ఏ మనిషీ వాక్యంలో ఐదు చోట్ల ‘గ’ పెట్టడు. సాధారణంగా ఒక సంగతిని వేలుపెట్టి చూపించేటప్పుడు, నొక్కి చెప్పేటప్పుడు అది వస్తుంది. పొద్దస్తమానం వినిపిస్తే అది యాస కాదు, యాస వేషం.

జిల్లాలను కలిపేయడం. హైదరాబాద్ పాతబస్తీ ఉర్దూ పలుకును తెచ్చి ములుగు రైతు నోట్లో పెడతారు. వరంగల్ మాటలో ఉర్దూ లేదని కాదు. దావత్, షురూ, జర, పరేషాన్ అందరి నోటా ఉన్నవే. మాటలు ఉర్దూవైనా వాక్యం నడక తెలుగుదే. నడక కూడా మారితే మనిషి ఊరు మారినట్టే.

అచ్చుల పొడుగు. వస్తవా, పోదమా, ఏం తిన్నవ్. కోస్తా నుంచి వచ్చిన నటుడు మాటలను సరిగ్గా బట్టీపట్టినా ఈ పొట్టి అచ్చు దగ్గర దొరికిపోతాడు. కాగితం మీద ‘వస్తవా’ అనే ఉంటుంది, నోట్లో ‘వస్తావా’ అవుతుంది. డబ్బింగ్ వేరేవాళ్లు చెప్పారేమో పెదవులు చూడండి. పేర్లు పడేటప్పుడు డబ్బింగ్ కళాకారుల పేర్లూ చదవండి. ‘ఫిదా’ (2017)లో బాన్సువాడ అమ్మాయి మాట అంత గట్టిగా నిలబడడానికి సాయిపల్లవి తన గొంతు తానే చెప్పుకోవడం పెద్ద కారణం. ముఖంలో ఉన్న మొండితనం గొంతులోనూ ఉంది.

వరసలు. అవ్వ, బాపు, నాయిన, చిన్నాయిన, పెద్దబాపు, కాక, వదినె. కూతురినే కాదు, వరసలో చిన్నదైన ఏ పిల్లనైనా ‘బిడ్డా’ అంటారు. ‘కొడుకా’ అనేది కూడా అంతే. సినిమాలో మాటలన్నీ ఇక్కడివి పెట్టి, పిలుపు దగ్గర మాత్రం ‘నాన్నగారూ’ అనిపిస్తే ఇల్లు కూలినట్టుంటుంది.

వయసు. కాజీపేట ఇంజనీరింగ్ కాలేజీ పిల్లవాడు, వాడి నాయినమ్మ ఒకే యాస మాట్లాడితే అది తప్పు. వాడు దోస్తులతో ఒక తీరు, లెక్చరర్‌తో ఒక తీరు, అమ్మతో ఒక తీరు మాట్లాడతాడు. తహసీల్దార్ ముందు నిలబడ్డ రైతు ‘వచ్చిన సార్’ అంటూనే నడుమ ‘వచ్చాను’ అనొచ్చు, భయం వల్ల. కాబట్టి మాట మారిన ప్రతిచోటా తప్పు అనకండి. ఎందుకు మారిందో కథలో కారణం ఉందా చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇంకొకటుంది. కాగితం మీద రెండు గళ్లు గీసి, సినిమాలో యాస మాట్లాడిన పాత్రలను ఒకవైపు, మాట్లాడని పాత్రలను ఒకవైపు రాయండి. టీచర్, కలెక్టర్, ప్రేమించే అబ్బాయి ఏ గడిలో ఉన్నారు? తాగుబోతు, రౌడీ, నవ్వించేవాడు ఏ గడిలో ఉన్నారు? ఏండ్ల తరబడి తెలుగు సినిమా ఈ యాసను విలన్‌కూ, కామెడీకీ ఇచ్చింది. ఇప్పుడు చాలా మారింది, కానీ ఈ లెక్క వేస్తే ఏ సినిమాలో మారిందో, ఏ సినిమాలో పైపూత మాత్రమే మారిందో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. టీవీలో యాసకు పేరు తెచ్చిన ‘తీన్మార్ వార్తలు’ లాంటి కార్యక్రమాలను కొలబద్దగా పెట్టుకోవద్దు. అది వినోదం కోసం పెంచి పలికే మాట, దాని అందం దానిది. ఇంట్లో అట్లా ఎవరూ మాట్లాడరు.

మాట తర్వాత ఆచారం. బతుకమ్మ ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. తంగేడు, గునుగు లేకుండా బంతిపూలతోనే పేర్చిన బతుకమ్మ కనిపిస్తే పూల దుకాణం నుంచి నేరుగా సెట్టుకు వచ్చిందన్నమాట. దసరా నాడు జమ్మి ఆకును ‘బంగారం’ అని చేతుల్లో పెట్టుకుంటారు, పాలపిట్టను చూస్తారు. సకినాలు సంక్రాంతికీ, ఆడబిడ్డకు సారె పంపేటప్పుడూ చేస్తారు. పత్తి చేను తెల్లగా విచ్చుకొని ఉంటే అది చలికాలం దగ్గరి రోజులు. అదే సీనులో ‘ఎండాకాలం సెలవులు’ అంటే ఎవరో లెక్క తప్పారు. 2023లో వచ్చిన ‘బలగం’ను ఇక్కడి జనం అంత దగ్గరగా తీసుకోవడానికి కారణం ఇట్లాంటి వివరాలే. చావు ఇంట్లో పిట్టకు పెట్టుడు (పోయినవాళ్ల పేరు మీద కాకికి ముద్ద పెట్టడం) అనే ఒక్క ఆచారం మీద కథంతా నిలబెట్టారు. చివర్లో పాడింది వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం నుంచి వచ్చిన మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. కథలు చెప్పుకుంటూ బతికిన గొంతులవి, సినిమా కోసం నేర్చుకున్నవి కావు.

అయితే తప్పు పట్టడానికే కూర్చోవద్దు. ఒక పువ్వు తప్పిందని సినిమా తప్పదు. ఆ వివరం మీద కథ బరువు మోపిందా అని అడగండి. మోపితే రాయండి, లేకపోతే వదిలేయండి.

పాటకు మూడు రోజులు

పాట విడుదలైన గంటలో ‘చార్ట్‌బస్టర్’ అనో ‘రొటీన్’ అనో అనడం తొందరపాటు. మొదటిరోజు ఇయర్‌ఫోన్స్‌తో రెండుసార్లు వినండి, యాప్‌లో డేటా సేవర్ తీసేసి, క్వాలిటీ ఎక్కువలో పెట్టండి. ఫోన్ స్పీకర్‌లో కింది స్థాయి శబ్దం దాదాపు రాదు. డప్పుకు కుడిచేతి చిర్ర దెబ్బ, ఎడమచేతి సిటికెన పుల్ల దెబ్బ రెండూ ఉంటాయి. ఫోన్‌లో చిర్ర దిమ్ము పోయి పుల్ల ‘టకటక’ మాత్రం మిగులుతుంది. దాన్ని విని ‘బీట్ డొల్లగా ఉంది’ అంటే పాపం డప్పు కొట్టినవాళ్ల తప్పేం లేదు. రెండో రోజు సాహిత్యం కాగితం మీద పెట్టుకొని, సంగీతం లేకుండా చదవండి. చరణం పల్లవికి కొత్తగా ఏమిచ్చింది? ఇవ్వకపోతే అది నింపుడు. మూడో రోజు పాట వినకుండా కూనిరాగం తీయండి. పల్లవి వచ్చి చరణం రాకపోతే ఆ పాటకు పల్లవే ఉందన్నమాట. ఇప్పటి పాటల్లో చాలావాటికి ఒకే చరణం ఉంటుంది, కాబట్టి అది తేలిపోతే పాటలో మిగిలేది కొంచెమే.

జానపదం పేరుతో వచ్చే పాటను ఇంకో తీరుగా చూడాలి. బతుకమ్మ పాటలో ఒకరు చరణం అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి అంటారు, చప్పట్లే తాళం. అందుకే ‘ఉయ్యాలో’ అనే మాట అలంకారం కాదు, జనం అందుకోవడానికి ఇచ్చే జాగా. సినిమా పాటలో ‘ఉయ్యాలో’ పెట్టి, తిరిగి అనడానికి సందు లేకుండా డ్రమ్స్ నింపేస్తే అది బతుకమ్మ పాట కాదు, బతుకమ్మ బొమ్మ. ఒగ్గుకథ తీరు వాడితే కథకుడి పక్కన వంత ఉన్నాడా, డోలు మాట మధ్యలో అందుకుంటుందా, లేక వెనక మోగుతూ ఉంటుందా అని వినండి. ఐలోని మల్లన్న జాతరలోనో కొమురవెల్లిలోనో ఒక్కసారి నిలబడి విన్న చెవికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

యూట్యూబ్ జానపదాల దగ్గర పేర్లు చదవండి. ‘రచన’ అని ఉందా, ‘సేకరణ’ అని ఉందా? నాట్లేసే ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న పాటకు ఒకరి పేరు రచయితగా పడితే, మీ ఊళ్లో పెద్దమ్మ ఆ పాటను చిన్నప్పటి నుంచి పాడుతున్న సంగతి రాయండి. ఊరు, పాడిన సందర్భం, మారిన మాటలు చెబితే అది ఎన్ని స్టార్ల కంటే అయినా విలువైన మాట. ఆమె పేరు మాత్రం ఆమె ఒప్పుకుంటేనే పెట్టండి.

టీవీ, ఓటీటీ

సీరియల్‌ను ఒక ఎపిసోడ్‌తో తేల్చొద్దు, సోమవారం నుంచి శనివారం దాకా ఒక వారం చూడండి. గంటకు ప్రకటనలు 12 నిమిషాలు మించొద్దని నిబంధన. అంటే అరగంట సీరియల్‌లో కథకు 24 నిమిషాల లోపే దొరుకుతుంది, అందులోంచి టైటిల్ పాట, నిన్నటి కథ తీసేయండి. మిగిలిన దానిలో కొత్తగా జరిగిన సంగతులు ఎన్ని అని రోజుకో అంకె వేయండి: సున్నా, ఒకటి, రెండు. వారానికి మొత్తం మూడు కూడా రాకపోతే ‘సాగదీస్తున్నారు’ అనడానికి మీ దగ్గర లెక్క ఉంది.

ఓటీటీలో సినిమా చూసే ముందు టీవీ సెట్టింగ్స్ మార్చండి. బొమ్మను నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ ఉంటే ఆపేయండి. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ కింద ఉంటుంది. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీసింది. టీవీ మధ్యలో లేని బొమ్మలు కల్పిస్తే పెద్ద సినిమా కూడా సీరియల్ తీసినట్టు కనిపిస్తుంది, నటన కూడా నకిలీగా తోస్తుంది. పిక్చర్ మోడ్‌ను ‘సినిమా’లో గానీ ‘ఫిల్మ్‌మేకర్’లో గానీ పెట్టండి. టీవీ స్పీకర్లతోనే వింటుంటే ఆడియోలో 5.1 బదులు స్టీరియో ఎంచుకోండి, మాట తేటగా వస్తుంది.

ఇక రాయడం

ఆ రాత్రి రాసుకున్న పది ముక్కలను ముందు పెట్టుకొని తెల్లారి రాయండి. ఒక నిద్ర తర్వాత కూడా గుర్తున్న సీన్లే అసలు సీన్లు. 150 నుంచి 200 మాటలు సరిపోతాయి. మొదటి వాక్యంలోనే మీ తీర్పు చెప్పేయండి, తర్వాత దానికి మూడు చోట్లు చూపించండి. బాగున్నది ఒక్కటైనా, బాగాలేనిది ఒక్కటైనా ఉండాలి, లేకపోతే అభిమానమో కోపమో రాసినట్టవుతుంది. కథలో ఇంటర్వెల్ దాటిన సంగతి ఏదీ చెప్పొద్దు. చెప్పక తప్పకపోతే ముందే హెచ్చరించండి.

రేటింగ్ ఇవ్వాలనుకుంటే 3 అంటే ఏమిటో ముందు నిర్ణయించుకోండి. ‘టికెట్టు డబ్బులు వృథా కాలేదు’ అన్నది 3 అయితే అన్ని సినిమాలకూ అదే 3. పండుగ సినిమాకు ఒక 3, చిన్న సినిమాకు ఒక 3 పెడితే మీ అంకెలను ఎవరూ నమ్మరు.

కలెక్షన్లను నాణ్యతతో కలపొద్దు. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం, షేర్ అంటే పన్ను, హాలు అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది. ఒకరు గ్రాస్, ఇంకొకరు షేర్ చెప్పుకుంటూ పొద్దంతా కొట్లాడిన సందర్భాలు లెక్కలేనన్ని. సినీ వ్యాపారంలో వరంగల్ లెక్క నైజాం ఏరియాలో కలుస్తుంది, ‘మా జిల్లాలో ఇంత’ అనే అంకె ఎక్కడ కనపడినా అది ఎవరు లెక్కగట్టారో అడగండి. నటుల ఒళ్లు, రంగు, కులం, ఇంటి సంగతులు అభిప్రాయంలోకి రావొద్దు. ఆ సీనులో చేసిన పని ఒక్కటే మన లెక్క.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. మీ మాటకు సాక్ష్యంగా హాల్లో తీసిన వీడియో ముక్క పెట్టొద్దు. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా తెరను రికార్డు చేయడం నేరం. 3 నెలల నుంచి 3 ఏండ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా ఉంటాయి. టైటిల్ పడగానే పది సెకన్ల స్టేటస్ పెట్టే పిల్లలకు ఇది తెలియదు, ఇంట్లో చెప్పండి. సమీక్ష కోసం కొద్ది భాగాన్ని ఉటంకించడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. పాట గురించి రాస్తే రెండు పంక్తులు ఇచ్చి, రచయిత పేరు పెట్టండి. పోస్టర్, విడుదలైన ట్రైలర్ లింకు చాలు.

రెండోసారి చూశాక మాట మారితే పాత రాతను చెరపకండి. కిందనే తేదీ వేసి, ఎక్కడ చూశారో, ఏ సీను దగ్గర మనసు మారిందో రాయండి. ‘మొదటి ఆటలో తల్లి మాటలు వినపడలేదు, ఈసారి ఓటీటీలో విన్న. ఆ సీను మీద అన్న మాట వాపసు తీసుకుంటున్న’ అని రాస్తే అంతే చాలు.